గుంటూరు సీమలో సత్యభామ

మాఘమాసమున గుంటూరు మిర్చియార్డునకు పోవువారు చేతిరుమాలు మరువరాదు. మేము మరచితిమి. వాకిలి దాటకమునుపే తుమ్ములు పట్టుకొన్నవి. కన్నుల నీరు కారుచుండ, పైటకొంగు ముక్కున కడ్డము పెట్టుకొని, కొండలవలె పేర్చిన టిక్కీల నడుమ నడచితిమి. టిక్కీ యనగా మిరపకాయలు క్రుక్కిన గోనె. ఇంత పెద్ద మిరప సంత ఆసియాఖండమున మఱియొకటి లేదని ఇచ్చటివారు గర్వముతో చెప్పుకొందురు. కాటాచుట్టును రైతులు మూగి నిలిచియుండిరి. కాటాపై అంకెలు కదలునపుడు వారి మొగములు చూడవలెను! విత్తనముల అప్పు, ఆడపిల్ల పెండ్లి, పిల్లవాని కాలేజీ ఫీజు, అన్నియు ఆ అంకెలయందే వ్రేలాడుచుండును.

యార్డు వెలుపల ఒక కోల్డు స్టోరేజీ నీడలో పదిమంది స్త్రీలు వలయముగా కూర్చుండి కాయలకు తొడిమలు తీయుచుండిరి. దినమంతయు ఆ పని చేసినవారి చేతులు రాత్రి యెట్లు మండునో గృహిణులకు చెప్పనక్కరలేదు. మనము ఏడాదికొకమారు అయిదు కిలోల కాయలు తీసి మూడు దినములు మూల్గుదుము. వారిలో ఒక వృద్ధురాలు చేతిపని ఆపకయే ఏదో కూనిరాగము తీయుచుండెను. చెవియొగ్గి వింటిమి. అది "మీరజాలగలడా" పాట.

"ఎవరి పాట మామ్మా అది?" అని యడిగితిమి.

"జమున పాటమ్మా. ఇంకెవరిది?" అని ఆమె మా అజ్ఞానమునకు నవ్వినది.

ఆమె మాట తప్పు కాదు. 1966లో వచ్చిన "శ్రీకృష్ణ తులాభారం" చిత్రమున పి. సుశీల పాడగా సత్యభామయై జమున అభినయించిన పాట యది. వినని తెలుగు స్త్రీ యుండదు. కాని ఆ పాటను వ్రాసినవాడు వేరొకడు. చిత్రము రాక పూర్వమే, రంగస్థలముపై తానే పట్టుచీర కట్టి, తానే సత్యభామయై, తానే పాడిన పురుషుడు. ఆయన బాపట్ల వాస్తవ్యుడు స్థానం నరసింహారావు. 1971లో కాలధర్మము నొందెను. ఆయన పుట్టిన యూరును, ఆడిన యూరును చూడవలెననియే మేమీ ప్రయాణము తలపెట్టితిమి.

ఈ కోరిక మాకు మా యమ్మమ్మవలన కలిగినది. ఆమె చిన్నతనమున తెనాలిలో, ఆడవారికి వేరుగా నేర్పరచిన చోట తల్లి యొడిలో కూర్చుండి, ఆయన సత్యభామను చూచినది. ముసలితనమున పలుమారులు చెప్పుచుండెడిది: "అలకపాన్పు మీద ఆయన కూర్చుంటే, పక్కింటి పెద్దకోడలు అలిగి కూర్చున్నట్టే ఉందే. మగాడంటే మా అమ్మ చచ్చినా నమ్మలేదు." ఒకనాడు మాత్రము వక్క కత్తిరించుచు, మావంక చూడకయే ఇంకొక మాట యన్నది. "అచ్చం మాలాగే కూర్చున్నాడు. మేం అట్లా కూర్చుంటే ఒక్కరూ తిరిగి చూసింది లేదు." ఆ మాట మా మనస్సున నాటుకొన్నది.

బయలుదేరుటకు ముందు ఒక కాగితముపై నరసింహారావునకు కీర్తి తెచ్చిన వేషములను వ్రాసికొంటిమి: సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి, రోషనార, శకుంతల, ఇంకను ఎన్నియో. ఆ వేషములను తరువాతి ప్రసిద్ధ చలనచిత్రములలో ఎవరు ధరించిరో ప్రక్కన వ్రాసితిమి. వ్రాయగా మాకే విస్మయము కలిగినది. దేవదేవి, 1954, "విప్రనారాయణ", భానుమతి. మధురవాణి, 1955, "కన్యాశుల్కం", సావిత్రి. చిత్రాంగి, 1957, "సారంగధర", మరల భానుమతి. సత్యభామ, 1966, జమున. భానుమతి ఒంగోలు దాపున దొడ్డవరము ఆడపడుచు. సావిత్రిది కృష్ణయొడ్డున చిఱ్ఱావూరు. జమున పుట్టినది హంపియైనను పెరిగినది దుగ్గిరాల. ఇవన్నియు నాటి గుంటూరు జిల్లా గ్రామములే. ఏ సీమలో ఒక పురుషుడు ఆడువారి బదులు ఆడువాడయ్యెనో, ఆ సీమ కూతుండ్రే ఆ వేషములను ఒక తరములోపల తమవిగా చేసికొనిరి. కనుక రోడ్డున ఒంగోలువరకు దక్షిణముగా పోయి, అచ్చటినుండి రైలుమార్గమున బాపట్ల, తెనాలి, దుగ్గిరాలల మీదుగా తిరిగి రావలెనని నిశ్చయించుకొంటిమి.

గుంటూరు విడిచి చిలకలూరిపేట దారి పట్టినంతనే నల్లరేగడి మొదలగును. వానకు జిగురై కాలుపట్టును; ఎండకు చేయిదూరునంత బీటలిచ్చును. ఆ నేలకు ప్రత్తియు మిరపయు ప్రాణము. మేము పోవునాటికి ప్రత్తి తీతలు ముగియవచ్చినవి. మోళ్లమీద అచ్చటచ్చట మిగిలిన దూది కొంగలు వ్రాలినట్లుండెను. దారికిరువైపుల కల్లములలో ఎఱ్ఱని కాయలు ఆరబోసియుండెను. దూరమునుండి చూచిన, పొలములో ఎవరో ఎఱ్ఱచీరలు పరచినట్లు తోచును. ఆ కల్లములలో కాయలు తిరుగవేయువారును, తాలుకాయ లేరువారును ముక్కాలుపాళ్లు స్త్రీలే. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులు దాటితిమి. అక్కడివారు పడమటివైపు చేయిచూపి కోటప్పకొండ యటనున్నదనిరి. శివరాత్రి తిరునాళ్లకు ఊరూరినుండి ఆకాశమంటు ప్రభలు కట్టుకొనివచ్చు కొండ యది.

ఈ మెట్టసీమకును నాటకమునకును సంబంధమేమని ఎవరైన నడుగవచ్చును. పంట చేతికి వచ్చిన వెనుక, తిరునాళ్లకో శ్రీరామనవమికో, చందాలు వేసికొని నాటకము కట్టించు అలవాటు ఈ పల్లెలలో చిరకాలమునుండి కలదు. హార్మోనియము శ్రుతి వినబడినచో నాలుగు క్రోసుల దూరమునుండి బండ్లు కట్టుకొని వచ్చెడివారు. పద్యము నచ్చినచో "వన్సుమోర్" అని కేకలు. నటుడు చచ్చిపడియున్నను లేచి మరల పాడవలసినదే! పట్టణపు విమర్శకులు దీనిని పరిహసించిరి. మాకు మాత్రము, ఏడాదియంతయు మట్టితో పోరాడినవారు ఒక రాత్రి తమకు నచ్చినదానిని రెండుమారులు కోరుకొనుట పెద్ద నేరముగా తోచదు.

ఒంగోలు చేరితిమి. ఈ జిల్లాకు పేరైన ప్రకాశం పంతులుగారు బాల్యమున ఈ పట్టణముననే ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ప్రాపున నాటకములాడి, స్త్రీవేషములు సైతము వేసెను. తుపాకి కెదురుగా రొమ్ము చూపిన ఆంధ్రకేసరి చీరకట్టి పైట సవరించుకొనుట ఊహించుకొన్నచో నవ్వు వచ్చును. కాని నాటి కాలమునకు అది వింతకాదు. గొంతు బాగున్న పిల్లవాడు కనబడినచో మొదట ఆడువేషమే.

దొడ్డవరమున 1925 ప్రాంతమున జన్మించిన భానుమతికి తండ్రియే సంగీతము నేర్పెను. 1939లో "వరవిక్రయం" చిత్రమున కాళింది వేషమునకై సి. పుల్లయ్యగారు ఆమెను తీసికొనినపుడు, తన కూతును ఏ పురుషుడును తాకరాదని తండ్రి షరతు పెట్టినట్లు ప్రసిద్ధి. ఆ షరతులో ఆ కాలపు భయమంతయు నున్నది. అట్టి భయముననే అంతకుముందు తరమువారు కుమార్తెలను రంగమెక్కనీయక, పిల్లవాండ్రకు జడలు వేసిరి. అట్టి తండ్రి కూతురే పిమ్మట తన యిష్టముననే వివాహమాడి, భరణీ సంస్థ నడిపి, 1953లో "చండీరాణి"ని మూడు భాషలలో తానే దర్శకత్వము వహించి తీసెను. "అత్తగారి కథలు" వ్రాసిన చేయి కూడ అదియే గదా!

మరునాడు ఉదయము ఒంగోలులో రైలెక్కితిమి. చీరాల రాగానే పెట్టెలోనికి చీరల మూటలును, వానితోపాటు బేరములును ఎక్కినవి. మెట్ట వెనుకబడి, క్రమముగా వరిమడులు, తాడిచెట్లు, సముద్రపు గాలి వచ్చినవి. బాపట్లలో దిగితిమి.

బాపట్ల భావనారాయణస్వామి ఊరు. భావపురి యను పేరు వాడుకలో బాపట్ల యైనది. 2022 నుండి జిల్లా కేంద్రము. గుడి ముందటి వీధిలో నడచుచు, నూరేండ్ల క్రింద ఈ ఊరెట్లుండెనో ఊహింప యత్నించితిమి. నరసింహారావు 1902 సెప్టెంబరు 23వ తేదీన ఇచ్చట జన్మించెను. 1920లో ఈ ఊర హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండ, చంద్రమతి వేషధారి సమయమునకు రాలేదట. పదునెనిమిదేండ్ల యువకుడు ముందుకు వచ్చి ఆ వేషము కట్టెను. ఆనాడు ఆ నటుడు సకాలమున వచ్చియున్న యెడల ఏమయ్యెడిదో! ఆ రాత్రి మొదలు సుమారు నాలుగు దశాబ్దములు ఆయన రంగముపై స్త్రీయై నిలిచెను. వేయికి పైగా ప్రదర్శనములు. 1938లో రంగూనునందలి ఆంధ్రులు ఆయనకు బంగారు కిరీటము పెట్టి గౌరవించిరి. 1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను.

ఇట్టివారు మన దేశముననే కాదు, ఇతర దేశములందును కలరు. షేక్స్పియరు నాయికలను మొదట ఆడినవారు బాలురు. జపానున కబుకీ నాటకములందు నేటికిని స్త్రీపాత్రలు పురుషులవే. చీనాలో మే లాన్‌ఫాంగ్, మహారాష్ట్రమున బాలగంధర్వుడు ఈ కళయందే విఖ్యాతులు. బాలగంధర్వుని చీరకట్టును, నగలను చూచి పూనా, బొంబాయి స్త్రీలు అనుకరించిరట. మన కృష్ణకావలి కూచిపూడిలో భామ జడ పట్టినవారందరు తరతరములుగా పురుషులే.

ఐనను నరసింహారావు విషయమున మమ్ము ఆలోచింపజేసినది వేరు. స్త్రీవేషమనగా చీరకట్టి గొంతు సన్నము చేయుటయని తలచువాడు చంద్రమతివద్దనే ఆగిపోవును. ఏడ్చుట, ఓర్చుకొనుట, మగని వెంట నడచుట, ఇవి ఏ నటుడైనను చూపగలడు. ఆయనకు పేరు తెచ్చిన స్త్రీలను చూడుడు. సత్యభామ మగనిని శాసించును. చిత్రాంగి ముసలిరాజును పెండ్లాడి, సవతికొడుకుపై మనసుపడి, ఆ మాట నోటితో చెప్పును. దేవదేవి పంతము పట్టి ఒక భక్తుని చెరచబోయి, తానే ప్రేమకు చిక్కును. మధురవాణి మాటకారితనమున కన్యాశుల్కములోని మగవారినందరిని మించును. ఒకరి నడక ఇంకొకరిది కాదు. రాణి కోపము వేరు, వేశ్య కోపము వేరు. ఒకే నెలలో ఈ నలుగురిని వేరు వేరుగా నిలుపవలెనన్నచో, ఎందరు స్త్రీలను ఎంత నిదానముగా చూచియుండవలెను! కావిడినీళ్లు పోయించుకొను ఇల్లాలు, కల్లమున కాయలేరు కూలిది, పెండ్లిపందిట నగలు సవరించుకొను సంపన్నురాలు, వీరందరు తమకు తెలియకయే ఆయనకు గురువులైరి. గురుదక్షిణ మాత్రము ముట్టలేదు.

నాటకశాలయందు వేరుచోట కూర్చుండిన మన అమ్మమ్మలు ఏమి చూచిరి? ఇంట తాము పైకి చెప్పరాని మాటలను ఒక చీరకట్టిన పురుషుడు వేయిమంది మగవారి నడుమ బిగ్గరగా చెప్పుట చూచిరి. వారు సంతోషించిరి. ఆ సంతోషము నిజము. ఆ మాట ఒక స్త్రీయే చెప్పియున్న యెడల ఆ వేయిమంది ఏమనియుందురో, అదియు వారికి తెలియును.

స్త్రీలు అసలు రంగమెక్కలేదని చెప్పుట న్యాయము కాదు. సురభి నాటకసమాజములలో ఇంటి ఆడువారే ఆడువేషములు వేసిరి. కళావంతుల స్త్రీలు ఆడిరి. వారి పాటకు చప్పట్లు కొట్టిన చేతులే తమ గడప తొక్కవలదని వారిని వారించినవి. బళ్లారి రాఘవగారు స్త్రీపాత్రలు స్త్రీలే ధరింపవలెనని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగమునకు తెచ్చిరి. ఆ వాదము సరియైనదే. సరియైన వాదమునకు ఎదురుగా అంత గొప్ప కళ నిలిచియుండుటయే ఇందలి చిక్కు. మేము ఏ పక్షమని యడిగినచో రాఘవగారి పక్షమే యందుము. కాని ఒక్క రాత్రికి టిక్కెట్టు దొరకినచో తెనాలికే పోవుదుము.

తెనాలి మూడు కాలువల ఊరు. స్టేషనునుండి రిక్షాలో పోవుచుండ ఆ కాలువలే ముందు పలుకరించును. ఇచ్చటి శ్రీరామవిలాససభ నరసింహారావునకు నిజమైన పాఠశాల. దుర్యోధన పాత్రకు పేరుమోసిన మాధవపెద్ది వెంకటరామయ్య, గోవిందరాజుల సుబ్బారావు మొదలగు ఉద్దండులు ఆయన సహనటులు. ముత్తరాజు సుబ్బారావుగారి "శ్రీకృష్ణ తులాభారము"న సత్యభామ పాటను ఆయన తానే కట్టుకొనెను. నటునకు ఏ మాటవద్ద మెడ త్రిప్పవలెనో, ఏ మాటవద్ద కనుబొమ ముడువవలెనో తెలిసి, దానికి తగిన మాటను తానే పొదుగుకొన్నచో ఎట్లుండునో ఆ పాట వినిన తెలియును. అందలి ప్రతిమాట అభినయించుటకై పుట్టినదే.

ఆయన చలనచిత్రములందును కనబడెను. 1939లో "రాధాకృష్ణ", 1942లో "సత్యభామ". ఇచ్చటనే విధి యొక చిత్రమైన పని చేసినది. ఆ "సత్యభామ" చిత్రమున సత్యభామ ఆయన కాదు. ఆ వేషము పుష్పవల్లిది. రంగస్థలపు దీపములకు దూరమున కూర్చున్న కన్నులను నమ్మించిన విద్య వేరు, మొగమునకు జానెడు దూరమున నిలుచు కెమేరా వేరు. అప్పటికే చిత్రములలో నిజమైన స్త్రీలు వచ్చిరి, వచ్చుట మేలే. కాని దాని ఫలమేమనగా, తెలుగుదేశ మంతటిని మురిపించిన ఆయన సత్యభామ కదలుచు పలుకుచు ఏ చిత్రమునను మనకు మిగులలేదు. కొన్ని ఛాయాచిత్రములు, ఒక పాట, మా యమ్మమ్మ వంటివారి నోటిమాటలు మిగిలినవి.

తెనాలిలో పుట్టిన శారదకు 1968లో జాతీయ ఉత్తమనటి పురస్కారము తెచ్చిన మలయాళ చిత్రము పేరును "తులాభారం" అగుట గుర్తుకు వచ్చి నవ్వుకొంటిమి. అందులో కృష్ణుడును లేడు, సత్యభామయు లేదు; పేదరికమున కూలిన ఒక తల్లి కలదు. తెనాలికి తక్కెడతో ఏదో ఋణానుబంధ మున్నట్లున్నది.

తెనాలి తరువాత దుగ్గిరాల. రైలు ఆగకమునుపే పసుపు వాసన చెప్పును. ఇచ్చటి పసుపు యార్డు ప్రసిద్ధము. గుంటూరు కారమునకు తుమ్మిన ముక్కునకు ఈ వాసన పుట్టినింటివలె నుండెను. జమున ఈ వీధులలో పెరిగి, నాటకములాడి, చిత్రసీమకు పోయినది. 1957లో "వినాయక చవితి"లోనే సత్యభామయై, తొమ్మిదేండ్లకు తులాభారమున మరల సత్యభామయైనది. తెలుగువారికి ఇప్పటికిని సత్యభామ యన్న జమునయే. 1989లో రాజమహేంద్రవరమునుండి పార్లమెంటుకు సైతము పోయినది. 2023 జనవరిలో కన్నుమూసినది. ఏ పాత్ర యందు మాట చెల్లించుకొనెనో ఆ ధోరణియే ఆమెకు నిజజీవితమునను ఉండెనందురు.

దుగ్గిరాలనుండి ఆటోలో చిఱ్ఱావూరు పోవునప్పటికి ప్రొద్దు వాలినది. అరటితోటలు, పసుపుచేలు, ఆవల కృష్ణ. సావిత్రి కథ పాఠకురాండ్రకు మేము చెప్పవలసినది లేదు. 1968లో "చిన్నారి పాపలు" చిత్రమునకు దర్శకత్వము వహించుటయు, 1981 డిసెంబరున మదరాసున, ఏడాదికి పైగా తెలివిలేక పడియుండి మరణించుటయు ఎల్లరెఱిగినవే. మేము ఆ ఊర తలచుకొన్నది మధురవాణిని మాత్రమే. తెనాలిలో నరసింహారావు మధురవాణి యైన కాలమున ఆయన తోడివాడైన గోవిందరాజుల సుబ్బారావు, 1955 చిత్రమున లుబ్ధావధానులై సావిత్రి మధురవాణి కెదురుగా నిలిచెను. ఇద్దరు మధురవాణులను దగ్గరనుండి ఎఱిగిన ఆ మహానటుని తలపునకు ఆ సమయమున ఏమి వచ్చియుండునో!

ఇంటికి వచ్చిన మరునాడు, గుంటూరున కొన్న రెండు కిలోల కాయలు ముందు వేసికొని తొడిమలు తీయ కూర్చుంటిమి. మా కోడలు ప్రక్కన చేరినది. ప్రయాణపు ముచ్చటలన్నియు విని, ఫోనులో ఆ పాట పెట్టినది. జమున వచ్చినది, ఓరచూపు చూచినది, మెడ త్రిప్పినది. కోడలు కన్నార్పక చూచి, పాట ముగియగానే అడిగినది: "అంతా బాగుంది కానీ అత్తయ్యా, ఇందులో ఆయన ఎక్కడున్నారు?"

పాటకు క్రింద, రచయిత పేరున్న చోట వ్రేలు పెట్టి చూపితిమి. ఆ వ్రేలు అప్పటికే భగ్గున మండుచుండెను. కొబ్బరినూనె తెమ్మంటిమి.